తీగకీ రేకుకీ మధ్య జానెడు



ఈ ప్రసంగాన్ని చిన్న ట్రాన్సిస్టర్‌లో వింటూ పొలం గట్టు మీద నడుస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళకొక మాట. మీ చేల మీదుగా పెద్ద టవర్ల లైను పోతుంటే, తుంపర పడే పొద్దుటిపూట మీడియం వేవ్ పెట్టుకుని దాని కిందికి నడవండి. పాట వెనకాల గరగరమని ఒక చప్పుడు లేస్తుంది. తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు ఉంటుంది. లైను దాటి కొంత దూరం పోగానే సద్దుమణుగుతుంది. పాడైందేమోనని రేడియోను అరచేత్తో కొట్టకండి. ఆ చప్పుడు తీగని ఆనుకుని ఉన్న గాలిది.

గాలి మామూలుగా కరెంటును పోనివ్వదు. అయితే దాని ఓర్పుకీ ఒక హద్దుంది. సెంటీమీటరుకు సుమారు 30 వేల వోల్టుల ఒత్తిడి పడితే గాలి అణువులు చిట్లిపోతాయి. తీగ చుట్టూ, తీగని అంటిపెట్టుకున్న పలచని పొరలో మాత్రమే ఇది జరిగితే, చీకట్లో చూసినప్పుడు ఊదారంగు వెలుగు ఒకటి కనిపిస్తుంది. దానికి ఇంజనీర్లు పెట్టిన పేరు కరోనా. అంటే కిరీటం. 2020 తర్వాత ఆ మాట వింటే మనకు వేరే భయం గుర్తొస్తుంది గానీ, కరెంటు పనివాళ్ళు దాన్ని నూరేళ్ళ పైనుంచి వాడుతున్నారు.

లైన్లు వేసేవాళ్ళకి ఈ కరోనా అంటే గిట్టదు. అది ఉన్నచోట కరెంటు వృథా. అందుకే పెద్ద లైన్లలో తీగలు లావుగా పెడతారు, రెండేసి నాలుగేసి కలిపి కడతారు. అదే కరోనాను పనిగట్టుకుని రప్పించుకునే చోటు ఇంకొకటుంది. బొగ్గు కాల్చే బాయిలరుకీ పొగగొట్టానికీ మధ్య ఉంటుంది అది. పొగలోని బూడిదను కరెంటుతో పట్టే గది. పుస్తకాల్లో దాని పేరు ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్. మా పనివాళ్ళందరికీ అది ఇఎస్‌పి. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం నేను ఆ గదుల చుట్టూనే తిరిగాను. ఈ పూట దాని గురించే నాలుగు మాటలు.

మాది చల్లపల్లి. చిన్నప్పుడు మా వైపు ఊక కాల్చే బాయిలర్లు చాలా ఉండేవి. గాలి మళ్ళిందంటే మేడ మీద ఆరేసిన వడియాల మీద నల్లటి నుసి వాలేది. చేత్తో తుడిస్తే మసి ఇంకా పాకేది. "ఉఫ్‌మని ఊదాలిరా, తుడవకూడదు" అనేది అమ్మ. ఆ మాటలో ఎంత ఇంజనీరింగు ఉందో నాకు ముప్ఫై ఏళ్ళ తర్వాత తెలిసింది. దుమ్ముని పట్టుకోవడం ఒక విద్య. పట్టుకున్నదాన్ని మళ్ళీ లేవకుండా వదిలించుకోవడం అంతకన్నా పెద్ద విద్య.

కళ్ళంలో తూర్పారబట్టడం చూసినవాళ్ళకి దుమ్ము సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. చేటలో ఎత్తి పోస్తే గట్టి గింజ కాళ్ళ దగ్గర పడుతుంది, తాలు నాలుగడుగుల అవతల పడుతుంది, దూగర ఎటో పోతుంది. బరువున్నదాన్ని భూమి లాక్కుంటుంది. తేలికైనదాన్ని గాలి ఎత్తుకుపోతుంది. బొగ్గు బూడిదలోనూ గింజలూ ఉన్నాయి, దూగరా ఉంది. ముతక బూడిద దానంతటదే కిందికి రాలిపోతుంది. చిక్కంతా ఆ దూగరతోనే. మన తలవెంట్రుక మందంలో దాదాపు డెబ్భయ్యో వంతు, అంటే ఒక మైక్రాను ఉన్న బూడిద రేణువుని గాలి కదలని గదిలో వదిలిపెట్టామనుకోండి. అది గంటకి జానెడు దిగుతుంది. గంటకి జానెడు! ఊపిరితో పాటు లోపలికి పోయి, గుండెల్లో అడుగున కూర్చునేవి ఇలాంటివే.

ఇఎస్‌పి చేయాల్సిన పని ఇప్పుడు మీకు ఒక్క మాటలో చెప్పగలను. గంటకి జానెడు కదిలే రేణువుని, పదీ పదిహేను సెకన్లలో జానెడు పక్కకి లాగాలి. పైగా పొగ ఆగదు, నింపాదిగా నడిచే మనిషంత వేగంతో ముందుకు పోతూనే ఉంటుంది. ఆ నడకలోనే పట్టుకోవాలి.

విజయవాడ దాటి హైదరాబాదు రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వైపు వెళ్తే, కొండపల్లి కొండల ముందు పొగగొట్టాలు కనిపిస్తాయి. ఒకప్పుడు రాష్ట్ర విద్యుత్ బోర్డు అధ్యక్షుడిగా పనిచేసిన నార్ల తాతారావు గారి పేరు పెట్టుకున్న థర్మల్ పవర్ స్టేషను అది. మన జనం నోట ఇప్పటికీ వీటీపీఎస్. 1979లో మొదటి యూనిట్ వెలిగింది. 210 మెగావాట్లవి ఆరు యూనిట్లయ్యాయి. ఆ తర్వాత 500 మెగావాట్లది, ఈమధ్య 800 మెగావాట్లది వచ్చాయి. తాల్చేరు నుంచీ సింగరేణి నుంచీ వచ్చే బొగ్గు అక్కడ కాలుతుంది. మన దేశపు బొగ్గులో నూటికి ముప్ఫై అయిదు, నలభై పాళ్ళు బూడిదే. లారీడు బొగ్గు తెస్తే అందులో మూడో వంతుకి పైగా మట్టి తెచ్చుకున్నట్టే లెక్క. ఆ బూడిదలో అయిదింట నాలుగు వంతులు పొగతో పాటు ఎగిరిపోతాయి. ఇలాంటి స్టేషన్లన్నిటిలోనూ ఒక్కో యూనిట్ వెనకా ఓ పెద్ద ఇనప మేడలాగా నిలబడి ఉండేది ఇఎస్‌పి. దారిన పోయేవాళ్ళ చూపు పొగగొట్టం మీద పడుతుంది గానీ, దాని పక్కనున్న ఈ మేడని ఎవరూ పట్టించుకోరు.

లోపల ఏముంటుందో ఊహించుకోండి. మూడు నాలుగంతస్తుల ఎత్తున్న ఇనప రేకులు, పుస్తకంలో కాగితాల్లాగా వరసగా వేలాడుతుంటాయి. రేకుకీ రేకుకీ మధ్య ముప్ఫై నుంచి నలభై సెంటీమీటర్ల సందు. ఆ సందు నడిమధ్యన సన్నటి తీగలు. అంటే తీగకీ రేకుకీ మధ్య జానెడు లోపే. రేకులు భూమికి కలిపి ఉంటాయి. తీగలకి 40 వేల నుంచి 70 వేల వోల్టుల రుణ విద్యుత్తు ఇస్తారు. తీగ చుట్టూ కరోనా వెలుగుతుంది. అక్కణ్ణుంచి బయల్దేరిన రుణ అయాన్లు, అంటే విద్యుదావేశం మోసే అణువులు, రేకు వైపు పరుగెడుతూ, దారిలో తగిలిన బూడిద రేణువులకి అంటుకుంటాయి. ఆవేశం అనే మాట మనకి పూనకంలోనూ ఉంది, భౌతికశాస్త్రం పుస్తకంలోనూ ఉంది. ఇక్కడ రెండూ ఒకటే. ఆవేశం పట్టిన రేణువు ఇక తన దారిన తాను పోలేదు, రేకు వైపు లాగబడుతుంది. పాత పిక్చర్ ట్యూబు టీవీల తెర మీద ఎంత తుడిచినా మళ్ళీ దుమ్ము పేరుకునేది గుర్తుందా? ఆ తెర వెనకాలా వేల వోల్టులే ఉండేవి. మనకు తెలియకుండానే ఇంట్లో ఒక చిన్న ఇఎస్‌పి పెట్టుకున్నామన్నమాట.

తీగ సన్నగా ఎందుకుండాలి, రేకు వెడల్పుగా ఎందుకుండాలి? కాలవ నీళ్ళు నింపాదిగా వచ్చి తూము దగ్గర సన్నబడి ఉరుకుతాయి చూడండి, విద్యుత్ ఒత్తిడి కూడా సన్నటి చోట, మొనదేలిన చోట అలా పోగుపడుతుంది. వెడల్పుగా ఉన్నచోట పలచబడుతుంది. గాలి తీగ దగ్గర మాత్రమే చిట్లాలి, రేకు దగ్గర చిట్లకూడదు. రెండు చోట్లా చిట్లితే ఆ జానెడులో పిడుగు పడినట్టు నిప్పురవ్వ దూకుతుంది, ఆ క్షణానికి పని ఆగిపోతుంది. ఒకటి ముల్లులా, ఇంకొకటి అరచెయ్యిలా ఉండాలి. ఈ తీగా రేకూ, అంటే ఎలక్ట్రోడ్లు, డిజైన్ చేసేవాళ్ళు నూరేళ్ళ నుంచీ కుస్తీ పడుతున్నది ఈ రెంటి పొందిక గురించే.

ఈ సంగతి మొదట పసిగట్టినవాళ్ళకి అది పనిలో పెట్టడం చేతకాలేదు. 1824లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో హోల్‌ఫెల్డ్ అనే ఆయన పొగ నింపిన జాడీలో ఆవేశం ఇచ్చిన తీగని దింపి పొగ విరిగిపోవడం చూపించాడు. చూసినవాళ్ళు ముచ్చటపడి ఇళ్ళకి పోయారు. 1885లో బ్రిటన్ శాస్త్రవేత్త ఆలివర్ లాడ్జ్ చొరవతో వేల్స్‌లోని బాగిల్ట్ దగ్గర సీసం కరిగించే కార్ఖానాలో పెద్ద ఎత్తున ప్రయత్నం జరిగింది. గాజు పళ్ళేలు తిప్పి విద్యుత్తు పుట్టించే యంత్రాలు ఆ పొగకి చాలలేదు. సీసపు ధూళి కూడా ఆవేశానికి ఒక పట్టాన లొంగే రకం కాదు. ఆ ప్రయత్నం మూలపడింది.

దాన్ని గట్టెక్కించింది అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చెప్పే ఫ్రెడరిక్ కాట్రెల్. గట్టెక్కించిందల్లా ఒక నూలు పోగు! గంధకామ్లం ఆవిరిని పట్టడానికి రకరకాల ఎలక్ట్రోడ్లని పరీక్షిస్తున్నాడాయన. ఒకనాడు మసక చీకటి పడే వేళ, ప్రయోగశాల మధ్య నుంచి కరెంటు మోసుకొస్తున్న తీగ మీద ఆయన చూపు పడింది. అది ఎలక్ట్రోడు కూడా కాదు, ఎలక్ట్రోడుకి కరెంటు తెచ్చే మామూలు తీగ. దాని మీద నూలు చుట్టి ఉంది. ఆ తీగ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఊదారంగులో సమంగా వెలుగుతోంది. అసలు ఎలక్ట్రోడు మీద రాని వెలుగు దీని మీద ఎందుకొచ్చింది? నూలు మీద లేచి ఉన్న నూగు వల్ల. కంటికి ఆనని ఒక్కొక్క పీచు కొసా ఒక్కొక్క ముల్లయింది. మన పత్తి యార్డుల్లో పనిచేసేవాళ్ళు రోజంతా చొక్కా మీంచి దులుపుకునే ఆ నూగే! కాట్రెల్ అలాంటి నూగు ఎలక్ట్రోడ్లు చేశాడు. వేడి పొగలో నూలు నిలవదు కాబట్టి రాతినార, అభ్రకం వాడాడు. 1908లో పేటెంటు వచ్చింది.

ఆ తర్వాతి కథ మన రైతులకు నచ్చుతుంది. కాలిఫోర్నియాలో రివర్‌సైడ్ అనే ఊరి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము చుట్టుపక్కల నారింజ తోటల మీద పడేది. ఆకు మీద సిమెంటు పేరుకుంటే చెట్టు ఎలా బతుకుతుంది? రైతులు కోర్టుకెక్కారు. ఫ్యాక్టరీ వాళ్ళు కాట్రెల్ దగ్గరికి పరుగెత్తారు. సిమెంటు బట్టీల మీద ఇఎస్‌పి నిలదొక్కుకున్నది అలా, తోట రైతుల దావా పుణ్యాన. కాట్రెల్ మాత్రం పేటెంట్ల మీద కోట్లు గడించాలనుకోలేదు. 1912లో రీసెర్చ్ కార్పొరేషన్ అనే సంస్థ పెట్టించి, వచ్చిన రాబడి శాస్త్ర పరిశోధనలకే పోయేట్టు చేశాడు.

నూగు నుంచి ఇప్పటి దాకా ఎలక్ట్రోడు చాలా రూపాలు మార్చింది. మొదట్లో బావిలోకి చేద వదిలినట్టు, సన్నటి తీగని పైనుంచి వేలాడదీసి కింద ఇనప గుండు కట్టేవాళ్ళు. చౌక, తేలిక. కానీ పొగ ఒరవడికి ఊగుతుంది, ఊగి ఊగి తెగుతుంది. యూరప్ వాళ్ళు స్ప్రింగులాగా మెలిపెట్టిన స్టెయిన్‌లెస్ స్టీలు తీగని గొట్టాల చట్రంలో బిగించారు. మన దేశంలో చాలా స్టేషన్లలో ఉన్నవి ఈ బాపతే. తర్వాత గట్టి గొట్టానికి పల్లేరుకాయలా ముళ్ళు గుచ్చిన రకం వచ్చింది. అది తెగదు గాక తెగదు. మరి అన్ని చోట్లా ముళ్ళ గొట్టాలే పెట్టేస్తే పోలేదా?

పోదు. ఇఎస్‌పిలో వరసగా అయిదారు గదులుంటాయి. వాటిని ఫీల్డులంటాం. మొదటి ఫీల్డులోకి వచ్చే పొగ చిక్కటి గంజిలాంటిది. ఆవేశం పట్టిన బూడిదే అక్కడ మబ్బులా కమ్ముకుని తీగ దగ్గరి కరోనాను అణిచేస్తుంది. అణగకుండా ఉండాలంటే తీగకి పదునైన ముళ్ళు కావాలి. ఆఖరి ఫీల్డుకి వచ్చేసరికి మిగిలింది పలచని దూగర. అక్కడ కరెంటు ఎక్కువ పారడం ముఖ్యం కాదు, లాగే బలం ముఖ్యం. దానికి వోల్టేజీ నిలబెట్టుకునే నున్నటి తీగ నయం. ముందు వరసలో ముల్లు, వెనక వరసలో నునుపు. దొడ్డికి ముళ్ళకంచె వేసి వాకిలికి నున్నటి తలుపు పెట్టుకున్నట్టే.

ఒక చిన్న లెక్క చెప్తాను. రేడియోలో లెక్కలేమిటని విసుక్కోకండి, బస్తాల లెక్కే. 1922లో వాల్టర్ డాయిచ్ అనే జర్మన్ శాస్త్రవేత్త తేల్చిన సూత్రం సారాంశమిది: ఒక్కో గది తనకొచ్చిన బూడిదలో ఇంత వాటా అని పట్టుకుంటుంది. అయిదు ఫీల్డులున్నాయి, ఒక్కోటి అయిదింట నాలుగు వంతులు పట్టుకుంటుందనుకుందాం. యాభై కిలోల బస్తాలు వంద లోపలికొచ్చాయి. మొదటి ఫీల్డు దాటేవి ఇరవై బస్తాలు. రెండోది దాటేవి నాలుగు. మూడోది దాటేది బస్తా కూడా కాదు, నలభై కిలోలు. నాలుగోది దాటేది ఎనిమిది కిలోలు. అయిదోది దాటి పొగగొట్టంలోకి పోయేది కిలోన్నర. వంద బస్తాలకి కిలోన్నర! మరి ఒక్క ఫీల్డు ఆగిపోతే? ఎనిమిది కిలోలు పోతుంది. రెండు ఆగిపోతే నలభై కిలోలు. చివరి గదులకి చేరే రేణువు మరీ సన్నం కాబట్టి నిజంలో లెక్క ఇంత తిన్నగా ఉండదు గానీ, పోకడ ఇదే.

ఫీల్డు ఎందుకు ఆగిపోతుంది? నేను పనిచేసిన ఒకచోట, పేరు అనవసరం, ఓ ఫీల్డు మాటిమాటికీ ట్రిప్పయ్యేది. వోల్టేజీ ముప్ఫై వేలు దాటనిచ్చేది కాదు. మేము ప్యానెళ్ళు మార్చాం, ఇన్సులేటర్లు తుడిపించాం, కాగితాల మీద కాగితాలు రాశాం. చివరికి షట్‌డౌన్ తీసుకుని, తాళాలన్నీ వేసి, ఎర్తు రాడ్డు తగిలించి లోపలికి దిగాం. లోపల మోకాలి దాకా బూడిద, పసిపిల్లల పౌడరంత మెత్తగా. మాతో ఒక పాత ఫిట్టరుండేవాడు. టార్చి కూడా వెయ్యకుండా రేకు వెంట వేళ్ళు పోనిచ్చుకుంటూ నడిచాడు. ఒకచోట ఆగి, "ఇదిగో సార్, ఇక్కడ తీగ రేకుని ముద్దెట్టుకుంటోంది" అన్నాడు. చూస్తే, వేడికి రేకు కొంచెం పొట్ట ఉబ్బింది. ఉబ్బింది ఎంతనుకున్నారు? బొటనవేలి మందం. అక్కడ నిప్పురవ్వలు కొట్టి కొట్టి రేకు మీద మశూచి మచ్చల్లా గుంటలు పడ్డాయి.

ఆ ఫీల్డులో వందల తీగలు. అన్నిటికీ ఒకటే సరఫరా. ఒక్క తీగకి ఎదురుగా దూరం తగ్గితే మిగతా వందలూ ఆ ఒక్కదాని వోల్టేజీకే దిగి పనిచెయ్యాలి. ఉమ్మడి కుటుంబంలో ఒక్కడు అలిగితే అందరూ పస్తున్నట్టు. ఎలక్ట్రోడు రూపం కాగితం మీద ఎంత చక్కగా గీసినా, పది పన్నెండు మీటర్ల ఎత్తున, నూటా ముప్ఫై డిగ్రీల వేడిలో, రాత్రింబవళ్ళు సుత్తి దెబ్బలు తింటూ ఆ జానెడు దూరం జానెడుగానే ఉండాలి. అదే అసలు డిజైను. ఆ రోజు మాకు అది నేర్పింది ఆ ఫిట్టరు వేళ్ళు.

సుత్తి దెబ్బలన్నాను కదా. అమ్మ చెప్పిన "ఉఫ్" దగ్గరికి ఇప్పుడొచ్చాం. రేకు మీద బూడిద పేరుకుంటుంది. దాన్ని కింద ఉన్న గరాటులాంటి హాపర్లలోకి దించాలి. దానికి తిరిగే ఇరుసు మీద సుత్తులు అమర్చి, ఒకదాని తర్వాత ఒకటి రేకుల అంచుని ఠంగుమని కొట్టేట్టు చేస్తారు. కొడితే బూడిద రాలుతుంది, నిజమే. ఎలా రాలుతుందన్నది ప్రశ్న. మరీ తొందరగా కొడితే పొర పలచగా ఉంటుంది, పొడిపొడిగా విడిపోయి మళ్ళీ పొగలో కలుస్తుంది. అప్పటిదాకా చేసిందంతా బూడిదలో పోసినట్టే. మరీ ఆలస్యం చేస్తే పొర మందమై కరెంటుకి అడ్డం. తగిన సమయానికి కొడితే అట్టలాగా, అప్పడం విరిగినట్టు, పెళ్ళగా జారి తిన్నగా కిందపడుతుంది. అందుకే మొదటి ఫీల్డుని కొద్ది నిమిషాలకోసారి కొడతారు, చివరి ఫీల్డుని గంటల తరబడి ముట్టుకోరు. రేకుల అంచులు కూడా చదునుగా ఉంచరు. మడతలు పెడతారు. ఆ మడత చాటున గాలి మందగించి, రాలే బూడిదను పొగ లాక్కుపోకుండా కాస్తుంది. ఆ మడతల వల్లే అంత ఎత్తు రేకు వంగకుండా నిలబడుతుంది కూడా.

మన బొగ్గుతో ఇంకో తంటా ఉంది. మన బొగ్గులో గంధకం తక్కువ. వానలకి, పంటలకి అది మేలు. ఇఎస్‌పికి మాత్రం కీడు. గంధకం ఉన్న పొగలో బూడిద మీద పలచని ఆమ్లపు పూత పడి ఆవేశం రేకులోకి జారిపోతుంది. ఆ పూత లేని మన బూడిద ఆవేశాన్ని వదలదు, పిసినారి మూట పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. పొరలో ఒత్తిడి పెరిగి పెరిగి, ఆ పొరే లోపల చిట్లుతుంది. అప్పుడు రేకు వైపు నుంచే ధన అయాన్లు ఎదురొచ్చి, రేణువుల మీది రుణ ఆవేశాన్ని చెరిపేస్తాయి. దీన్ని బ్యాక్ కరోనా అంటారు. మీటరు మీద కరెంటు బ్రహ్మాండంగా కనిపిస్తుంది, పొగగొట్టంలోంచి బూడిదా బ్రహ్మాండంగా పోతుంది!

పదును ఎక్కువైతే ఇక్కడ చేటు. ముల్లుకి ఎదురుగా రేకు మీద ఒకేచోట కరెంటు పొడిచి ఆ పొరని ముందే చీలుస్తుంది. అందుకని మన దగ్గర కరెంటు రేకు నిండా సమంగా పరుచుకునే ఎలక్ట్రోడు వెతుక్కోవాలి. సరఫరాను కూడా ఏకధాటిగా ఇవ్వకుండా, విడతలు విడతలుగా ఇస్తారు. ఒక విడతకీ ఇంకో విడతకీ మధ్య బూడిద తన మూట దించుకుంటుంది. కొన్నిచోట్ల పొగలో కాస్త అమోనియా కలుపుతారు. వీటన్నిటికీ మించి, రేకుల విస్తీర్ణమే పెంచుకోవాలి. అందుకే గంధకం బాగా ఉన్న బొగ్గు కాల్చే దేశాల ఇఎస్‌పి కంటే మనది బాగా పెద్దది. మన చిత్తూరు పొలిమేర దాటగానే ఉన్న రాణిపేటలో బీహెచ్ఈఎల్ కర్మాగారం ఈ ఇఎస్‌పిలనే తయారుచేస్తుంది. పొరుగూరి చొక్కా తెచ్చి తొడుక్కుంటే ఒంటికి సరిపోదని ఈ రంగంలో మనవాళ్ళు అనుభవం మీద నేర్చుకున్నారు.

ధూళి విషయంలో చట్టం కూడా బిగుసుకుంది. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ కొత్త హద్దులు పెట్టింది. 2003 చివరికల్లా పెట్టిన యూనిట్ల పొగలో ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాముల ధూళి మించకూడదు. ఆ తర్వాత 2016 దాకా వచ్చినవాటికి 50. 2017 నుంచి వచ్చేవాటికి 30. మన వీటీపీఎస్‌లో 210 మెగావాట్ల యూనిట్లు మొదటి తరగతి, 500 మెగావాట్లది రెండోది, 800 మెగావాట్లది మూడోది. ఒకే ఆవరణలో మూడు తరాల నీతి పక్కపక్కన నిలబడి ఉందన్నమాట.

సరే, పట్టాం, దులిపాం, హాపర్లో పడింది. బూడిద పోయిందా? పోలేదు. ఈ మాట నేను చల్లపల్లి నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి మరీ గట్టిగా చెప్పగలను. 2014 నవంబరులో మా ఊళ్ళో ఒక డాక్టరు దంపతులూ, వాళ్ళతో కొందరూ తెల్లవారకముందే చీపుర్లు పట్టుకుని రోడ్డెక్కారు. స్వచ్ఛ చల్లపల్లి అని మీలో చాలామంది వినే ఉంటారు. ఒకసారి నేనూ వాళ్ళతో పాటు చీపురు పట్టాను. ఊడవడం అరగంటలో అయిపోయింది. ఊడ్చి పోగుచేసినదాన్ని ఏం చెయ్యాలన్న దగ్గరే అందరి బుర్రా పనిచెయ్యాల్సొచ్చింది. ఎత్తకుండా వదిలేస్తే తెల్లారేసరికి గాలి మళ్ళీ రోడ్డంతా పరిచేస్తుంది. ఊడ్పు సగం పని. ఎత్తిపోత మిగతా సగం.

ఇఎస్‌పి కూడా చీపురే, దాని ఊడ్పు టన్నుల లెక్కన ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ బూడిదను నీళ్ళతో కలిపి చెరువుల్లోకి పంపారు. ఎండాకాలం చెరువు అంచులు ఎండి గాలి లేచిందంటే, పొగగొట్టం నుంచి రావాల్సిన దుమ్ము నేల మీంచి వచ్చేది. పట్టుకున్న దొంగని పెరటి గుమ్మంలోంచి వదిలేసినట్టు. 1999లో బూడిద వాడకం మీద కేంద్రం నిబంధనలు తెచ్చాక దారి మారింది. ఇప్పుడు దాన్ని సిమెంటులో కలుపుతున్నారు. మీరు కొనే పోర్ట్‌లాండ్ పొజలానా సిమెంటు బస్తాలో నూటికి 15 నుంచి 35 పాళ్ళ దాకా బూడిద ఉండొచ్చు. ఇబ్రహీంపట్నం, కొండపల్లి చుట్టుపక్కల బూడిద ఇటుకల బట్టీలు, కాదు కాదు, బట్టీలు అక్కర్లేదు వాటికి, కాల్చకుండానే గట్టిపడతాయి, ఆ ఇటుకల యూనిట్లు వెలిశాయి. ఇఎస్‌పి చివరి ఫీల్డుల్లో దొరికే మెత్తటి దూగరే సిమెంటు వాళ్ళకి ఎక్కువ ప్రీతి. ఏ రేణువైతే ఊపిరితిత్తుల్లో కూర్చోబోయిందో, అదే గోడలో కూర్చుంటే గోడకి బలం.

ఎలక్ట్రోడు గీసే ఇంజనీరుకి నేను చెప్పాలనుకునేది ఇదే. మీ బొమ్మలో తీగా రేకూ మాత్రమే ఉంటే సరిపోదు. ఆ తీగ సరిచేసే ఫిట్టరు వేళ్ళు పట్టే సందు ఉండాలి. సుత్తి ఎప్పుడు కొట్టాలో ఉండాలి. హాపరు కింద లారీ నిలబడే చోటు ఉండాలి. ఇటుక పేర్చిన గోడ దాకా ఆ బొమ్మ సాగాలి.

ఇప్పుడు మీరు వింటున్న రేడియో ఏ గోడ పక్కనుందో ఒకసారి చూడండి. డెల్టాలో ఈ పది పదిహేనేళ్ళలో కట్టిన ఇల్లయితే, అది ఎర్ర ఇటుక కాక బూడిద ఇటుకే అయ్యుండొచ్చు. సున్నం పెళ్ళ ఊడినచోట వేలు పెట్టి చూడండి. ఏనాడో కొండపల్లి కొండల పక్కన, ఊదారంగు వెలుగులో ఆవేశం పట్టి, ఆకాశానికి పోవాల్సింది పోకుండా, జానెడు పక్కకి నడిచి ఆగిన బూడిద అది.